కాయ లేచిన పాట

ఇది ఒక మహాగాథ. నల్లమల అంచున, మబ్బు కనిపిస్తే జనం ఫోటో తీసుకునే గడ్డ మీద ఒక గొంతు పుట్టింది. ఆ గొంతు సినిమా వాళ్ల తలుపు తట్టలేదు. ఏ కంపెనీ ముందూ చేయి చాపలేదు. తన మాట తానే రాసుకుని, తన బాణీ తానే కట్టుకుని, మార్కాపురం నుంచి లోకం మీదికి బయలుదేరింది. దాని పోరాటాలు, విజయాలు, పతనం అన్నీ ఇందులో ఉంటాయి.

ఉండవు. ఆ పేరా రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. లోకం మీదికి బయలుదేరిన గొంతు బేస్తవారిపేట, కంభం దాకా పోయింది. ఒకసారి యర్రగొండపాలెం కూడా పోయింది కానీ అక్కడ ఆ రోజు కరెంటు లేదు. పోరాటాలు ఎక్కువగా మైకు వైరుతో జరిగాయి. ఇక పతనం కావాలంటే ముందు ఎక్కడికో ఒకచోటికి ఎక్కి ఉండాలి.

జరిగింది ఇంతే. తొమ్మిదేళ్లు నా పాటలు నేనే రాసి, పాడి, రికార్డు చేసి, ఛానల్లో పెట్టుకున్నాను. ఇప్పుడు మానేశాను. నా వయసు ముప్పై ఒకటి. మా వీధిలో ఉండే రిటైర్డ్ టీచరు గారితో నేనూ రిటైరయ్యానని చెబితే, పింఛను కాగితాలు పెట్టావా అని నిజంగానే అడిగారు.

ఈ మధ్య గిద్దలూరు నుంచి డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు గిటారు వేసుకుని వచ్చి, "అన్నా, ఇండిపెండెంట్ సింగర్ కావాలంటే ఏం చేయాల?" అని అడిగారు. టీ ఇప్పించి బస్సెక్కించాను. తర్వాత ఆలోచిస్తే అది జవాబు కాదనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను.

ఇండిపెండెంట్ అనే మాట

ఎవరి మీదా ఆధారపడకుండా పాడేవాడని ఈ మాటకు అర్థం చెబుతారు. నేను ఆధారపడినవి కొన్ని చెప్తాను: మా నాయన బండి, మస్తాన్ అన్న సౌండ్ బాక్సులు, మస్తాన్ అన్న ఇంటి వెనక గది, ఆ గది గోడలకు కట్టుకోమని మస్తాన్ అన్న వాళ్లమ్మ ఇచ్చిన బొంతలు.

మస్తాన్ అన్న మార్కాపురంలో సౌండ్ సిస్టం అద్దెకిస్తాడు, ప్యాడ్స్ వాయిస్తాడు. వాళ్ల నాయనది బడిపిల్లలు రాసుకునే రాతి పలకల పని. వెనక గదిలో పలకలు పేర్చి ఉండేవి. పలకలున్నప్పుడు గొంతు ఒకరకంగా మోగేది, లారీ వచ్చి ఎత్తుకుపోయాక ఇంకోరకంగా మోగేది. ఒక పాటలో పల్లవి పలకలున్న గదిలోనూ, చరణం ఖాళీ గదిలోనూ పాడాను. కామెంట్లలో ఒకాయన "చరణంలో విరహం బాగా పలికింది" అని మెచ్చుకున్నాడు. అది విరహం కాదు, ఖాళీ గది. ఆ తర్వాతే బొంతలు కట్టాం.

ఈ పనిలో బాస్ ఉండడని కూడా అంటారు. ఉంటాడు. బాక్సులు ఎవరివో వాడే బాస్.

"అన్నా, ఈ చరణం కాడ కొంచెం నిదానంగా వాయించు. అర్థం వినపడాల," అన్నాను ఒకసారి.

"ఎవురికి వినపడాల? పెళ్లికి వచ్చినోళ్లకా?"

"అర్థం కోసమే గదన్నా రాసింది."

"అయితే కాగితాల మీద రాసి పంచుదాంలే. భోజనాల కాడ ఆకు కింద ఒకటి పెడితే సరిపోతాది."

మస్తాన్ అన్న చెప్పేదాంట్లో సగం ఒప్పు, సగం తప్పు. ఏ సగం ఏదో తొమ్మిదేళ్లలో నాకు తెలియలేదు. మీకు దొరికే బాస్ కూడా ఇట్లాంటివాడే అయితే అదృష్టమనుకోండి. పూర్తిగా ఒప్పు చెప్పేవాడి దగ్గర పాట పుట్టదు.

ముందు లిస్టు, తర్వాత కవిత్వం

తర్వాత చెప్పబోయే ఒక పాట కాక, సొంత పాటలు పదహారు రాశాను. వాన మీద మూడు, వాన రానందుకు ఐదు, కంభం బస్టాండులో రెండుసార్లు కనిపించిన ఒకమ్మాయి మీద మిగతావి. వాటిని ఎక్కువగా విన్నది మస్తాన్ అన్న వాళ్లమ్మ. ఆమె ఫోనులో పాట పెట్టి బియ్యం ఏరుకునేది, అయిపోతే అదే మళ్లీ మొదలయ్యేది. ఆపడం ఆమెకు తెలియదు. నా మొదటి అభిమాని ఆమె.

బతుకు నడిచింది పేర్ల పాటల మీద. ఓణీల ఫంక్షన్, షష్టిపూర్తి, కొత్తిల్లు. ఇంటిల్లిపాదీ పేర్లు వచ్చేట్టు పాట కట్టి, అక్కడే పాడాలి. మొదటి పిలుపు మార్కాపురంలో ఒక బట్టల దుకాణం వాళ్లింట్లో ఓణీల ఫంక్షన్‌కి. వాళ్లిచ్చిన లిస్టు చూడకుండా, భావం చూసి రాశాను. భావం బ్రహ్మాండంగా వచ్చింది. ముండ్లమూరు నుంచి వచ్చిన పిల్ల మేనత్త పేరు మాత్రం రాలేదు.

పాట అయిపోగానే ఆమె నేరుగా స్టేజీ దగ్గరికి వచ్చింది.

"నా పేరేది?"

"పెద్దమ్మా, పాట అయిపోయింది..."

"అయిపోతే ఇంకోటి పాడు. నువ్వొచ్చిందే దానికి. ఆ పిల్లకు చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకున్నది నేను. ఈ మైకోడి పేరు చెప్తివి, నా పేరు చెప్పవా?"

మైకోడి పేరు చెప్పిన మాట నిజమే. మస్తాన్ అన్న చెప్పమన్నాడు. ఆమె అన్నం తిననని కూర్చుంది. ఆమె తినకపోతే ఆమె వెంట వచ్చిన రెండు కార్ల జనం తినరు. అక్కడికక్కడే తాళం లేని ఒక లైను కట్టి ఆమె పేరు పాడాను. నాలుగుసార్లు పాడించుకుని, అప్పుడు లేచి చేయి కడుక్కుంది. ఆ ఫంక్షన్ గురించి ఇప్పటికీ జనం చెప్పుకునేది ఆ లైను ఒక్కటే.

పాట రాసేటప్పుడు పక్కన లిస్టు పెట్టుకోండి. మిగతా కళంతా తర్వాత.

మామ నాలుగో బోరు

నా పాటల్లో నాలుగు ఊళ్లకు తెలిసింది ఒక్కటే. దాని సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి.

మా అమ్మ తమ్ముడు వెంకటేశ్వర్లు మామది బేస్తవారిపేట దగ్గర పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట. ఎనిమిదేళ్ల చెట్లు, అప్పుడప్పుడే కాపు బాగా పడుతున్నాయి. బత్తాయికి ఎండాకాలం నీళ్లు ఆగితే చెట్టు చస్తుంది. పంట పోతే మళ్లీ ఏడు చూసుకోవచ్చు, చెట్టు పోతే ఎనిమిదేళ్లు పోయినట్టు. మామ మూడు బోర్లు వేశాడు, మూడింట్లోనూ చుక్క పడలేదు. పాత బోరు ఒకటి సన్నగా పోస్తోంది. నాలుగోది వేసే రోజు నేను వాళ్లకు టిఫిన్ తీసుకుని పోయాను.

మా వైపు బోరు వేసేముందు పాయింటు పెట్టించడం మామూలు. పాయింటు పెట్టేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుందంటారు. అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ చల్లుతారు. ఆ చుట్టుపక్కల ఈ పనికి పేరున్నవాడు తిరుపాలయ్య తాత. ఆకుపచ్చ తువ్వాలు, పాత మోపెడ్, మాటకు ముందొక దగ్గు. మామకు నాలుగు పాయింట్లూ ఆయనే పెట్టాడు.

బోరు బండి తెల్లారి నుంచి తొలుస్తోంది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మేమంతా సున్నం కొట్టినట్టు తెల్లగా అయ్యాం.

"ఇంకొంచెం పోనీండి," అన్నాడు మామ.

"ఇంకా పోతే అవతల పక్కన తేలతాం రెడ్డీ," అన్నాడు బోరు బండి అతను. మామ రెడ్డి కాదు. బోరు వేయించేవాళ్లందర్నీ అతను రెడ్డీ అనే అంటాడు.

"కాయ లేచింది. నా కండ్లతో చూసినా," అన్నాడు తిరుపాలయ్య తాత, దగ్గి.

మామ ఒంటి మీది దుమ్ము దులుపుకున్నాడు. బండి వాళ్లు టిఫిన్ తిన్నారో లేదో చూడమని నాకు చెప్పి, చెట్ల మధ్యకు పోయాడు. ఒక మనిషిగా నాకు అప్పుడు బాధ కలగాలి. నాకు పల్లవి తట్టింది. తిరిగి మార్కాపురం చేరేలోపు బండి మీదే పాట మొత్తం వచ్చేసింది:

*లేచెను లేచెను కాయ లేచెను,*
*తాత చేతిలో కాయ లేచెను,*
*దుమ్ము లేచెను, ఊరు లేచెను,*
*నీళ్లు మాత్రం నిద్దర లేవవు!*

రెండో చరణంలో కాయ పట్టుకునే విధానం రాశాను:

*పిలక మీదికి, మొన కిందికి,*
*తూర్పుకు తిరిగి ఏడడుగులు...*

తూర్పు ఎందుకంటే, పడమరకు అక్షరాలు ఎక్కువయ్యాయి. ఏడడుగులు ఎందుకంటే, ఆరు తాళానికి చాలలేదు. పిలక మీదికి ఎందుకో నాకూ తెలియదు. ఆ రోజు దుమ్ము వస్తుంటే తాత మళ్లీ కాయ పట్టి చూపించాడట, ఎట్లా పట్టుకున్నాడో నేను చూడలేదు, ఇడ్లీలు పంచుతున్నాను.

తాత పేరు పాటలో పెట్టలేదు. ఆకుపచ్చ తువ్వాలు పెట్టాను, మోపెడ్ పెట్టాను. మస్తాన్ అన్న చరణానికి ముందు దగ్గు కూడా కలిపాడు. పేరు లేదు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేదని నాకు నేను చెప్పుకున్నాను.

పాట పోయినంత దూరం

పాట పట్టుకుంది. ఆటోల్లో, ట్రాక్టర్లలో, పెళ్లి ఊరేగింపుల్లో అదే. స్కూలు పిల్లలు అరచేతిలో బంతి పెట్టుకుని నడిచేవాళ్లు. నన్ను ఫంక్షన్లకు పిలిచేవాళ్లు పేర్ల పాట తర్వాత "కాయ పాట" కూడా అడిగేవాళ్లు. తర్వాత తర్వాత కాయ పాట ఒక్కటే అడిగేవాళ్లు.

మామ కూడా రింగ్‌టోన్ పెట్టుకున్నాడు.

"నీకు బాధ లేదా మామా?"

"నా బోరు ఎండినా నీ పాటన్నా పారతాంది గదరా అల్లుడా. ఇంట్లో ఏదో ఒకటి పారాల."

తిరుపాలయ్య తాత మోపెడ్ ఊళ్లోకి వస్తే అరుగుల మీద వాళ్లు దగ్గుతున్నారని తెలిసింది. ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గారని కూడా తెలిసింది. చెప్పింది మస్తాన్ అన్న.

"కళాకారుడు సమాజాన్ని ప్రశ్నించాలన్నా," అన్నాను.

"సమాజం మోపెడ్ మీద తిరగదు గదా తమ్ముడా."

ఇది ఆయన ఒప్పు చెప్పిన సగంలోదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తప్పు సగంలో వేసుకున్నాను.

అత్త ఫోను

మరుసటి ఎండాకాలం పాత బోరు కూడా ఆగిపోయింది. బత్తాయి ఆకు ముడుచుకోవడం మొదలైంది. ఒకరోజు పొద్దున మామ భార్య లక్ష్మమ్మ అత్త ఫోను చేసింది.

"రమణా, నువ్వు ఉన్నపళంగా రావాల."

"ఏమైంది అత్తా?"

"మీ మామ బర్రెలు రెండూ అమ్మినాడు. ఎల్లుండి బోరు బండి వస్తాది. ఇది గూడా దుమ్మైతే చెట్లూ పోతాయి, బర్రెలూ పోయినాయి, ఇంక మేము తినేదేంది?"

"తిరుపాలయ్య తాత పాయింటు పెట్టినాడా?"

"ఆయన్ని పిలిస్తే ఊరంతా దగ్గుతారంట. మీ మామే కాయ పట్టుకోని పెట్టుకున్నాడు. నీ పాట ఫోన్లో పెట్టుకోని, ఆపి ఆపి వింటా పెట్టుకున్నాడు."

నా పాటను అర్థం కోసం ఆపి ఆపి విన్న మొదటి శ్రోత మా మామ. ఏ కళాకారుడికైనా ఇది గర్వించే క్షణం. నేను చెప్పులు వెతుక్కుని బయలుదేరాను.

తోటలో రోడ్డు వైపు మూల రాయి పెట్టి ఉంది, పసుపు కుంకుమ చల్లి ఉంది. మామ దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

"మామా, అది తమాషాకు రాసిన పాట."

"తమాషాకే రాసినావు. కాయ మాత్రం లేచింది."

"తూర్పు అని తాళం కోసం రాసినా మామా. పడమర కుదర్లేదు."

"తూర్పు కుదిరింది గదా మరి. ఏదీ ఊరికే కుదరదు రా."

"ఏడడుగులు కూడా..."

"ఏడో అడుగు కాడనే లేచింది. లెక్కపెట్టుకున్నా."

నా జీవితంలో ఇంతకంటే మంచి విమర్శకుడు దొరకలేదు. ప్రతి మాటకూ పాటలోంచే ఆధారం చూపించాడు. అత్త వెనక నుంచి, "ఆ తాతని తీసుకొస్తావా, లేకుంటే ఈ బండ కాడ నేను కూర్చోవాల్నా?" అంది. మామ వద్దనలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి చెమట కూడా లేదు.

తాత అన్న మాట

తిరుపాలయ్య తాత ఊరు అక్కడికి అరగంట దారి. దారి పొడుగునా క్షమాపణ తయారుచేసుకున్నాను. అలవాటు కొద్దీ దానికి పల్లవి, రెండు చరణాలు వచ్చాయి.

ఆయన మేకలకు కొమ్మలు వేస్తున్నాడు.

"ఎవరు నాయనా?"

"నేను... కాయ పాట రాసినోణ్ణి తాతా."

ఆయన కొమ్మ కింద పెట్టాడు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "నువ్వేనా. ఇంకా పెద్దోడివనుకున్నా. కూర్చో, నీళ్లు తాగు."

నీళ్లు తాగాను. తయారుచేసుకున్న క్షమాపణలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఏదో ఒకటి చేయాలి కదా అని ఫోను తీసి, "తాతా, నా పాట వల్ల నీకు అవమానమైంది. చూడు, నీ ముందరే తీసేస్తన్నా," అన్నాను. ఫోను ఒకసారి ఖాయమేనా అని అడిగింది. ఇట్లాంటి చోట మనిషి కళ్లు మూసుకోవాలని ఎక్కడో చూశాను. మూసుకుని నొక్కాను. ఛానల్లో జనం చూసే ఒకే ఒక్క పాట పోయింది. కళ్లు తెరిచి ఆయన కళ్లలోకి చూశాను, చెమ్మగిల్లి ఉంటాయని.

"ఏం జేసినావు?" అన్నాడు.

"తీసేసినా తాతా. శాశ్వతంగా."

"దేన్ని?"

"పాటని."

"అదెందుకు తీసేస్తివి? మా మనవరాలు స్కూల్లో దానికే డాన్సు నేర్చుకుంటాంది."

"అంటే... అందరూ నవ్వుతన్నారని..."

"నవ్వినారు. ఒక రెండు నెల్లు నవ్వినారు. నేనూ పొలాలకు పోవడం తగ్గించినా. అది సరే. పిలక మీదికి అని రాసినావే, ఏ గాడిద చెప్పినాడు నీకు?"

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

"పిలక నా మణికట్టు దిక్కు ఉండాల. కాయ అరచేతిలో పండుకోనుండాల. పండుకున్న కాయే గదా లేచేది? నిలబెట్టుకోని పోతే ఇంకేం లేస్తాది?"

మామ చేతిలో కాయ ఏడో అడుగు దగ్గర ఎందుకు నిలబడిందో అప్పుడు అర్థమైంది. మొదటి అడుగు నుంచీ నిలబడే ఉంది.

"ఇప్పుడు ఏ పొలానికి పోయినా, తాతా నువ్వు తప్పు పట్టుకున్నావు, పాటలో ఇట్ల లేదని నాకే చెప్తన్నారు. నలభై ఏండ్ల పని నాది. సరిజేసి మళ్లీ పాడతావేమో, ఎప్పుడన్నా కనపడితే చెప్పాల అనుకుంటన్నా. నువ్వేమో వచ్చిందే ఆలస్యం, తీసిపారేస్తివి."

వచ్చిన పని చెప్పాను. మామ బర్రెల సంగతి, రాయి పెట్టిన సంగతి. ఆయన లోపలికి పోయి తువ్వాలు వేసుకుని, ఒక కాయ చంకన పెట్టుకుని వచ్చాడు.

నాలుగుసార్లూ అడిగింది ఏంది

తోటలో మామ ఆయన మొహం చూడలేకపోయాడు.

"ఏం వెంకటేశ్వర్లూ, నువ్వే పట్టుకున్నావంట?"

"ఊరికే తాతా."

"లేచిందా?"

"లేచింది."

"ఎట్ల పట్టుకున్నావో చూపీ."

మామ చూపించాడు. తాత నా వైపు చూశాడు. నేను చెట్ల వైపు చూశాను.

ఆయన తోటంతా మూడు చుట్లు తిరిగాడు. నేను పక్కనే నడిచాను, ఈసారి ఇడ్లీలు లేవు. పండుకున్న కాయ రెండు చోట్ల నిజంగానే లేచింది. ఎందుకు లేచిందో నాకు తెలియదు, చెయ్యి వణికిందేమో, ఇంకేమన్నా కారణమో. తాత ఎక్కడా రాయి పెట్టలేదు. వచ్చి చెట్టు కింద కూర్చుని, అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, "ఎయ్యొద్దు," అన్నాడు.

"కాయ లేచింది గదా తాతా," అన్నాడు మామ.

"కాయకేముంది, లేస్తాది. నాలుగుసార్లు లేచింది. నాలుగుసార్లూ నువ్వు దుమ్ము తాగినావు. చుట్టూ ఉన్న బోర్లన్నీ తెలుసు నాకు. పైన తోటోళ్లది గూడా మొన్న ఆగిపోయింది. ఈడ తడి లేదు."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా! నాలుగోది వేసేటప్పుడన్నా!" మామ గొంతు పెరగడం నేను వినడం అదే మొదలు.

తాతకు కోపం రాలేదు. "ఎయ్యాల్నా వద్దా అని నువ్వెప్పుడన్నా నన్నడిగినావా? బండికి అడ్వాన్సు ఇచ్చేసి వస్తారు. ఏడ ఎయ్యాల అని అడుగుతారు. ఏడ అని అడిగినోనికి ఏడనో చెప్పినా. ఎయ్యాల్నా అని ఈ నలభై ఏండ్లలో ఒక్కడూ అడగలేదు."

అత్త ఖాళీ గ్లాసు అందుకుని, "ఇప్పుడు నేనడుగుతన్నా. ఎయ్యాల్నా?" అంది.

"ఎయ్యొద్దమ్మా."

మామ తాను పెట్టిన రాయి వైపు చూశాడు. తర్వాత పోయి దాన్ని కాలితో దొర్లించి గట్టు మీద వేశాడు.

బోరు బండి చెప్పిన రోజుకు వచ్చింది. అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదని వాళ్లు కరాఖండిగా చెప్పి, అత్త పెట్టిన ఉప్మా తిని పోయారు. బర్రెల డబ్బులో కొంత పెట్టి ట్యాంకరు నీళ్లు తోలించి, ఇంటికి దగ్గరగా ఉన్న రెండు వరసల చెట్లు బతికించుకున్నారు. మిగతా తోట కొట్టేశారు. మామ ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు అక్కడ కంది వేస్తున్నాడు. మిగిలిన డబ్బుతో ఒక బర్రెను కొన్నారు. అమ్మినవాటిలో ఒకటి కాదు, వేరేది. తంతుంది.

అక్కడ నిజంగా నీళ్లున్నాయో లేవో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. తెలియాలంటే వేసి చూడాలి. తాత చెప్పింది నిజమని నేను వాదించను. ఆయన అంత గట్టిగా ఒక మాట చెప్పడం మాత్రం అదే మొదలని అత్త అంటుంది. నా పాట వల్లే ఆయన అట్లా తెగించి చెప్పాడని కొన్నాళ్లు అనుకున్నాను. ఆయన్నే అడిగాను. "నీ పాట వల్ల కాదులే, ఆ యమ్మ అడిగింది గాబట్టి," అన్నాడు.

మానేయడం

పిలక సరిచేసి పాట మళ్లీ రికార్డు చేశాను. మణికట్టు దిక్కు, పండుకున్న కాయ, అడుగుల లెక్క లేదు, తూర్పు లేదు. విధానం పక్కాగా వచ్చింది, పాట పోయింది. తాత, ఆయన మనవరాలు, మస్తాన్ అన్న వాళ్లమ్మ విన్నారు. పాత పాట ఆటోవాళ్ల ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో హాయిగా ఉంది. నేను తీసేసిన సంగతి చాలామందికి తెలియదు. తప్పు విధానం ఇంకా ఊరేగుతూనే ఉంది. ఒకసారి బయటికి పోయిన పాటను తీసేయడం మన చేతిలో ఉండదు. మన పేరు మీద ఉన్న, చూసినవాళ్ల లెక్క తీసేయడం మాత్రమే ఉంటుంది.

ఆ లెక్క పోయాక కొత్తగా నన్ను వెతికి పిలిచేవాళ్లు పోయారు. పాతవాళ్లు పిలిచినా కాయ పాటే అడిగేవాళ్లు. సరిచేసిన పాట పాడితే "అది కాదన్నా, దగ్గు ఉంటాది చూడు, అది," అనేవాళ్లు. దగ్గు ఉన్నది పాడనని చెప్పాను. దీన్ని విలువలు అనుకోకండి. తిరుపాలయ్య తాత ఇప్పుడు అప్పుడప్పుడు మా మామ ఇంటికి వస్తుంటాడు, ఎదురుగా కూర్చుని దగ్గు పాడటం కష్టం. మస్తాన్ అన్నకు కంభంలో ఇంకో సింగర్ దొరికాడు. లిస్టు చూసి రాసే కుర్రాడు, బాగా పైకొస్తాడు. నేను ఇప్పుడు మార్కాపురంలో డ్రిప్పు పైపులు అమ్మే దుకాణంలో పని చేస్తున్నాను. నీళ్లున్నవాళ్లే వస్తారు కాబట్టి వాతావరణం బాగుంటుంది.

పాట తీసేసిన నాలుగు రోజులకు మస్తాన్ అన్న ఇంటికి పోయి సంగతంతా చెప్పాను. తాత ముందు ఫోను తీయడం, కళ్లు మూసుకోవడం, నొక్కడం. ఆయన అంతా విని, ప్యాడ్ మీద దుమ్ము తుడుస్తూ, "ప్రైవేట్‌లో పెట్టకపోయినావా?" అన్నాడు.

వీడియో పక్కన మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కితే ఎడిట్ అని వస్తుంది. అందులో 'పబ్లిక్' అని ఉన్న చోట 'ప్రైవేట్' అని మార్చుకోవచ్చు. అప్పుడు వీడియో ఎవరికీ కనిపించదు, చూసినవాళ్ల లెక్క పోదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ తెరుచుకోవచ్చు. డిలీట్ చేస్తే తిరిగి రాదు.